ఎంపీసీ తర్వాత లెక్కల దారిలోనే వెళ్లాలంటే

పిల్లాడికి లెక్కలు బాగా వస్తున్నాయంటే మన ఇళ్లలో వెంటనే వచ్చే మాట, “అయితే ఇంజినీరింగే.” లెక్కలు బాగా వస్తే లెక్కలే చదివించొచ్చు కదా అని ఎవరైనా అంటే, “చదివి ఏం చేస్తాడు, ట్యూషన్లు చెప్పుకుంటాడా?” అంటారు. అలా అడిగేవాళ్ల తప్పేం లేదు. ఎంపీసీ నుంచి బీటెక్‌కి వెళ్లే దారి అందరికీ తెలుసు. ర్యాంకు ఎంత రావాలో, ఫీజు ఎంతో, ఎప్పటికి ఉద్యోగం వస్తుందో వీధి చివర టీ కొట్టు దగ్గర కూడా చెప్తారు. గణితం చదివి సైన్సు, టెక్నాలజీ ఉద్యోగాల్లోకి వెళ్లే దారి కూడా ఉంది. కాకపోతే దాని మీద బోర్డులు లేవు.

నేను ఆ దారినే వచ్చాను. చిన్న పట్టణంలో బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, ఇప్పుడు డేటా విశ్లేషణ పని. తెలియక మధ్యలో రెండేళ్లు పోగొట్టుకున్నాను. ఇంటర్ చదువుతున్నవాళ్లు ఇది మొదటి నుంచి చదవండి. ఇప్పటికే డిగ్రీలో ఉన్నవాళ్లు నాలుగో అడుగు దగ్గర మొదలుపెట్టినా ఫర్వాలేదు.

1. ఇష్టం లెక్కల మీదా, మార్కుల మీదా?

ముందు ఇది తేల్చుకోవాలి. ఇంటర్‌లో గైడు చూసి, మూడు స్టార్లున్న ప్రశ్నలు పట్టుకుని, మెట్లన్నీ బట్టీ కొట్టి రాసినా మార్కులు పడతాయి. కాబట్టి నూటికి తొంభై తొమ్మిది వచ్చినా మీకు లెక్కలు ఇష్టమని చెప్పలేం.

ఒక చిన్న పని చేయండి. ఏదో ఒక సంఖ్య తీసుకుని దాని వర్గానికి అదే సంఖ్యను కలపండి, ఆపైన 41 కలపండి. 1తో మొదలుపెడితే 43 వస్తుంది. 2తో 47, 3తో 53, 4తో 61. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఓపికుంటే 39 వరకు వెళ్లండి, ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర మాత్రం 1681 వస్తుంది, అది 41ని 41తో గుణిస్తే వచ్చేది.

ముప్పై తొమ్మిది సార్లు వరసగా నిజమైంది నలభయ్యోసారి అబద్ధమైంది. ఇది చదివి “సరే” అనుకుని పేజీ తిప్పేశారా? లేక 40 దగ్గర ఇలా జరుగుతుందని లెక్క వేయకుండానే ముందే చెప్పగలమా అని పెన్ను తీశారా? కారణం రెండు లైన్లలో తేలుతుంది, నేను చెప్పను. పెన్ను తీసినవాళ్లకి ఈ చదువు నచ్చుతుంది. డిగ్రీ స్థాయి గణితమంతా ఇదే గొడవ: ఉదాహరణలు కాదు, నిరూపణ కావాలి. ఇది నచ్చకపోతే బాధపడాల్సిన పని లేదు, బీటెక్ మంచి దారే. ముందే తెలియడం మేలు.

2. ఇంటర్ రెండేళ్లలో

పాఠాలను పరీక్ష కోసమే కాక, అవి ఎక్కడ పనికొస్తాయో చూసుకుంటూ చదవండి. మాత్రికల్లో మీరు చేసేవన్నీ మూడు అడ్డు వరసలు, మూడు నిలువు వరసలు. మీ ఫోన్లో ఒక ఫుల్ హెచ్‌డీ నలుపు తెలుపు ఫొటో అంటే 1080 అడ్డు వరసలు, 1920 నిలువు వరసలున్న మాత్రిక, మొత్తం 20,73,600 అంకెలు, ఒక్కోటి ఒక్కో చుక్క ఎంత తెలుపో చెప్తుంది. ఫొటోను తిప్పడం, మసకగా చేయడం, చిన్నది చేయడం అన్నీ ఈ అంకెల మీద జరిగే లెక్కలే. అవకలనంలో గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కునే అధ్యాయం ఉంది కదా, మెషిన్ లెర్నింగ్, అంటే డేటా చూపించి కంప్యూటర్‌కి నేర్పడం, చేసే పని చాలావరకు అదే. తప్పు ఎంత వస్తోందో ఒక ప్రమేయంగా రాసి, దాన్ని కనిష్ఠం చేస్తారు. తేడా ఏంటంటే అక్కడ చలరాశి ఒకటి కాదు, కోట్లలో ఉండొచ్చు.

నాకు బాగా నచ్చే ఉదాహరణ ఇంకొకటి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రమే లేని ఊళ్లో సునామీ కేంద్రమేంటని నేనూ నవ్వాను. కానీ అక్కడ కావాల్సింది ఒడ్డు కాదు, సముద్రం నుంచి వచ్చే కొలతలు, వాటి మీద చేసే లెక్క. లోతైన నీటిలో సునామీ అల వేగం తెలియాలంటే గురుత్వ త్వరణాన్ని సముద్రం లోతుతో గుణించి వర్గమూలం తీస్తే చాలు. లోతు 4000 మీటర్లయితే 9.8ని 4000తో గుణించి వర్గమూలం తీయండి. సెకనుకు దాదాపు 198 మీటర్లు, అంటే గంటకు 710 కిలోమీటర్లకు పైనే, విమానం వేగంతో సమానం. ఒడ్డు దగ్గర లోతు తగ్గే కొద్దీ వేగం తగ్గి అల ఎత్తు పెరుగుతుంది. ఈ సూత్రం వెనకున్న అవకలన సమీకరణాలు డిగ్రీలో వస్తాయి.

ఇంకో పని: సిద్ధాంతాల నిరూపణలను ‘ఎలాగూ రాదులే’ అని వదిలేయకండి. గణితానుగమనం, ద్విపద సిద్ధాంతం, బేయిస్ సిద్ధాంతం, ఈ మూడింటినీ పుస్తకం మూసి సొంత మాటల్లో రాయగలగాలి. తర్వాత రాయబోయే ప్రవేశ పరీక్షల్లో ఇదే పనికొస్తుంది.

3. సీటు కోసం ఎక్కడెక్కడ ప్రయత్నించాలి

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు. తెలివి తక్కువై కాదు, దరఖాస్తు గడువు దాటిపోయాక తెలిసి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ తేదీలు కాలేజీ వాళ్లే నోటీసు బోర్డులో పెడతారు. కింద చెప్పేవి ఎవరూ పెట్టరు. ఇంటర్ రెండో సంవత్సరం జనవరి నుంచి వారానికోసారి మీరే ఆయా వెబ్‌సైట్లు చూసుకోండి.

కోల్‌కతాలో 1931లో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, అందరూ ఐఎస్‌ఐ అంటారు. అక్కడ బీస్టాట్ అనే స్టాటిస్టిక్స్ డిగ్రీ ఉంది, బెంగళూరు కేంద్రంలో బీమ్యాథ్ అనే గణితం డిగ్రీ ఉంది. ప్రవేశ పరీక్ష వాళ్లదే, జేఈఈ ర్యాంకుతో పని లేదు. ఒక పేపర్ ఆబ్జెక్టివ్, రెండోది పూర్తి సమాధానాలు రాసేది. ఆ రెండో పేపరే అసలు పరీక్ష. జవాబు ఒక్కటే సరిపోదు, అదే జవాబు ఎందుకొచ్చిందో వరసగా రాయాలి. పాత ప్రశ్నపత్రాలు ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. రోజుకు రెండు ప్రశ్నలు చాలు, కానీ ఒక్కో దాన్ని గంటసేపు వదలకుండా కూర్చోండి. విద్యార్థులకు నెలనెలా స్టైపెండ్ ఇచ్చే సంప్రదాయం అక్కడుంది. మీరు చేరే ఏడాది ఫీజులు, స్టైపెండ్ సంగతి ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి.

చెన్నై శివార్లలో సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపి బీఎస్సీ ఆనర్స్ చేయొచ్చు. దీనికీ సొంత పరీక్షే, అందులోనూ వివరంగా రాయాల్సిన ప్రశ్నలుంటాయి. చిన్న క్యాంపస్, బయట చాలామందికి పేరు కూడా తెలియదు, అయినా పరిశోధన వైపు వెళ్లాలనుకునే వాళ్లు ముందు రాసుకోవాల్సిన పేరు ఇది.

ఇంకా పూర్తిగా నిర్ణయించుకోలేకపోతే, అంటే ఫిజిక్సూ ఇష్టమే, లెక్కలూ ఇష్టమే అన్న పరిస్థితి అయితే, ఐసర్లు, అంటే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థలు, మంచివి. తిరుపతిలో 2015లో ఒకటి మొదలైంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, మొదట్లో అన్ని సైన్సులూ చదివాక మేజర్ ఎంచుకుంటారు. వాళ్ల ఆప్టిట్యూడ్ టెస్ట్‌లో 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టులకి పదిహేనేసి. బయాలజీ చూసి ఎంపీసీ వాళ్లు బెదిరిపోతారు. బెదరాల్సిన పని లేదు, బయాలజీ పెద్దగా ముట్టకుండానే మిగతా మూడింటితో సీటు తెచ్చుకున్నవాళ్లున్నారు.

మన దగ్గరే కావాలంటే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గణిత శాస్త్రాల్లో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, దానికి సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. ఇంట్లో బీటెక్ అన్న మాట ఉండి తీరాల్సిందే అంటే ఐఐటీ హైదరాబాద్‌లాంటి చోట్ల మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ బ్రాంచి ఉంది. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ తప్పదు. పాము చావకుండా, కర్ర విరగకుండా అన్నట్టు, ఇంట్లో వాళ్లూ ఊరుకుంటారు, మీకూ లెక్కలు దక్కుతాయి.

ఈ పరీక్షలన్నిటికీ కలిపి కోచింగ్ అంటూ ఎవరైనా లక్షల్లో ఫీజు చెప్తే ఒక్క నిమిషం ఆగండి. పాత పేపర్లు ఉచితం, ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల వీడియో పాఠాలూ ఉచితం. నేనైతే ఆ డబ్బుతో ఒక పాత ల్యాప్‌టాప్ కొంటాను.

4. సీటు రాలేదు, ఊళ్లోనే డిగ్రీలో చేరారు

మనలో ఎక్కువమంది సంగతి ఇదే, నాదీ ఇదే. దీన్ని ఓటమి అనుకోకండి. అలా అనుకుని మొదటి ఏడాదంతా మొహం వేలాడేసుకుని తిరిగాను, అది నేను పోగొట్టుకున్న రెండేళ్లలో మొదటిది.

తెలంగాణలో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్ ద్వారా ఆప్షన్లు పెట్టేటప్పుడు, వీలుంటే గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ ఉన్న గ్రూపు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు, వచ్చింది. మీరు చేరే ఏడాది ఏ పద్ధతి ఉందో చూసుకుని, మేజర్ గణితం తీసుకుంటే మైనర్ (దానికి తోడుండే రెండో సబ్జెక్టు) దగ్గర జాగ్రత్త పడండి. నా మాట వింటే మైనర్‌గా స్టాటిస్టిక్స్ తీసుకోండి. ఎందుకంటారా? కేంద్ర ప్రభుత్వంలో గణాంకాల ఉద్యోగాల కోసం యూపీఎస్‌సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష ఒకటుంది. అది రాయాలంటే డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా అయినా ఉండాలి, లేదా పీజీ అందులో చేసుండాలి. ఒట్టి గణితం డిగ్రీతో కుదరదు. మా బ్యాచ్‌లో ఒకడు ఎమ్మెస్సీ గణితం గోల్డ్ మెడల్ తెచ్చుకున్నాక ఈ సంగతి తెలుసుకున్నాడు. అడ్మిషన్ రోజు ఒక్క టిక్కు మార్చి ఉంటే సరిపోయేది.

క్లాసులో ఏం చెప్పినా చెప్పకపోయినా, రెండు సబ్జెక్టులు మాత్రం లోతుగా పట్టుకోండి: లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత. రియల్ అనాలిసిస్ ఎమ్మెస్సీకి తప్పనిసరి. మొదట్లో నమలడానికి కష్టంగా ఉంటుంది, నాలుగు నెలలు ఓపిక పడితే రుచి తెలుస్తుంది. రెండో ఏడాది వేసవికి ఎంటీటీఎస్ అనే గణిత శిక్షణ శిబిరానికి దరఖాస్తు చేయండి. 1993లో ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ మొదలుపెట్టిన కార్యక్రమమిది, ఆయన తర్వాత హైదరాబాద్ యూనివర్సిటీలోనూ పనిచేశారు. అక్కడ పాఠం చెప్పరు, ప్రశ్నలడుగుతారు. “ఎందుకు?” “ఇంకోసారి చెప్పు, ఎందుకు?” అని వదలరు. నోట్సు రాసుకోవడానికే అలవాటుపడ్డ మనకి మొదటి వారం ఏడుపొస్తుంది. తర్వాత ఇంటికి రాబుద్ధి కాదు.

5. బండికి రెండో ఎద్దు

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి. లెక్కలు ఒక్కటే పట్టుకుని ఉద్యోగానికి వెళ్తే ఒంటెద్దు బండిలా నెమ్మదిగా సాగుతుంది. పక్కన ఇంకో ఎద్దును కట్టాలి. అది ప్రోగ్రామింగ్ కావచ్చు, స్టాటిస్టిక్స్, ఫిజిక్స్, ఆర్థికశాస్త్రం, జీవశాస్త్రం ఏదైనా కావచ్చు.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి చూడండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎంఏ చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. సైన్యం సర్వే విభాగంలో ఇంటర్వ్యూకి వెళ్తే ఆ ఉద్యోగం రాలేదు. బస చేసిన హోటల్లో పరిచయమైన ఒకాయన, తాను ఐఎస్‌ఐలో శిక్షణ తీసుకుంటున్నానని చెప్పాడు. రావు గారు వెళ్లి చూసి, 1941 జనవరిలో అక్కడ చేరారు. గణితం పక్కన స్టాటిస్టిక్స్ అలా వచ్చి చేరింది. నాలుగేళ్లకి, 1945లో, పాతికేళ్ల వయసులోపే రాసిన ఒక్క వ్యాసంలోంచి క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం వచ్చాయి. డేటా నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, దాన్ని ఎలా మెరుగుపరచాలో చెప్పే ఫలితాలివి. వీటిని ఈ రోజుకీ రాడార్ కొలతల దగ్గర్నుంచి వైద్య పరిశోధన దాకా వాడతారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఆయన పేరుతో హైదరాబాద్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఒక సంస్థ కూడా ఉంది.

మనకి హోటల్లో ఎవరో చెప్పేదాకా ఆగక్కర్లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి, ఇలా మొదలుపెట్టండి. ఒక గదిలో ఎంతమంది ఉంటే, వాళ్లలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి దాటుతుంది? ముందు కాగితం మీద చేయండి. అందరి పుట్టినరోజులూ వేర్వేరు అయ్యే సంభావ్యత కనుక్కుని ఒకటిలోంచి తీసేయాలి. 23 మంది చాలని తేలుతుంది. 40 మంది ఉన్న క్లాసులో అయితే 89 శాతం. నమ్మబుద్ధి కాదు కదా? ఇప్పుడు కంప్యూటర్‌తో 23 మందికి లాటరీ తీసినట్టు ఏవో పుట్టినరోజులు ఇప్పించి, అదే పని పదివేల సార్లు చేయించి, ఎన్నిసార్లు కలిశాయో లెక్కపెట్టండి. పదిహేను లైన్ల ప్రోగ్రామ్. కాగితం మీది జవాబు, కంప్యూటర్ జవాబు దగ్గరగా వచ్చినప్పుడు కలిగే ఆనందం ఏ సర్టిఫికెట్ కోర్సూ ఇవ్వదు.

ఇలాంటివి నెలకొకటి చొప్పున చేసి దాచుకోండి. ఆపైన డేటాబేస్‌ల్లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి, రెండు నెలల పని. డేటా ఉద్యోగాల్లో అది రాకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

6. పీజీ, పరీక్షలు, నోటిఫికేషన్లు

డిగ్రీ మూడో ఏడాదిలో ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష, ఐఐటీ జామ్, ఉంటుంది, సాధారణంగా ఫిబ్రవరిలో. గణితం పేపర్ ఒకటి, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ ఇంకొకటి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఇందులో పది ప్రశ్నలకి ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు. అన్నీ సరిగ్గా పెడితేనే మార్కు, ఒక్కటి వదిలినా సున్నా. నా రెండో ఏడాది పోయింది ఇక్కడే. సగం తెలిసిన విషయాలు ఈ ప్రశ్నల దగ్గర బయటపడిపోయాయి. జామ్‌తో పాటు రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్ల కోసం తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ కూడా రాయండి.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలనుకుంటే నిట్‌ల ఎంసీఏ ప్రవేశ పరీక్ష నిమ్‌సెట్ రాసి వరంగల్ నిట్ లాంటి చోట్ల ఎంసీఏ చేయొచ్చు. దాని 120 ప్రశ్నల్లో 50 గణితమే, కాబట్టి బీఎస్సీ లెక్కల వాళ్లకి అది సొంతింటి పరీక్షలాంటిది. ఎందుకోగానీ మనవాళ్లు రాష్ట్ర స్థాయి ఐసెట్ ఒక్కటే రాసి ఊరుకుంటారు.

పరిశోధన అయితే సీఎస్‌ఐఆర్ నెట్‌లో గణిత శాస్త్రాల పేపర్. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ అంటే ఇంట్లో డబ్బు తెచ్చుకుని చదవడం అనుకునే పెద్దవాళ్లకి ఈ అంకె చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది. గేట్‌లో గణితం పేపర్ ముందు నుంచీ ఉంది, స్టాటిస్టిక్స్ 2019లో, డేటా సైన్స్ అండ్ ఏఐ 2024లో చేరాయి. డీఆర్‌డీఓ సైంటిస్ట్ ‘బి’ నోటిఫికేషన్లలో గణితం ఎమ్మెస్సీ వాళ్లకీ గేట్ స్కోరుతో పోస్టులు వచ్చాయి. ఇస్రో మీద ఆశ ఉంటే ముందు పాత నోటిఫికేషన్లు నాలుగు తీసి చదవండి. సైంటిస్ట్ పోస్టులు ఎక్కువగా బీటెక్ అడుగుతాయి. ఆశపడటం తప్పు కాదు, అర్హత చూడకుండా ఏళ్లు గడపడం తప్పు.

బీమా రంగంలో యాక్చువరీ ఉద్యోగం ఇంకోటి. ఎంతమందికి ఎప్పుడు ఎంత చెల్లించాల్సి వస్తుందో లెక్కగట్టి ప్రీమియం నిర్ణయించే పని. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా పెట్టే ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష ఇంటర్ తర్వాత కూడా రాయొచ్చు. తర్వాత పేపర్లు ఒక్కొక్కటిగా ఏళ్ల తరబడి రాస్తూ ఉండాలి. మొండివాళ్లకే ఇది. కానీ ఉద్యోగం చేస్తూ రాసుకోవచ్చు.

7. ఇంటర్వ్యూ

ఎమ్మెస్సీ అయ్యాక నా మొదటి ఇంటర్వ్యూకి భయపడుతూ పెద్ద పెద్ద సిద్ధాంతాలన్నీ తిరగేసుకుని వెళ్లాను. అడిగింది ఇంటర్ లెక్క. ఒక జబ్బు నూటికి ఒకరికి ఉంది. పరీక్ష చేస్తే జబ్బున్నవాళ్లలో 90 శాతం మందికి పాజిటివ్ వస్తుంది, జబ్బు లేనివాళ్లలో కూడా 10 శాతం మందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. ఒకతనికి పాజిటివ్ వచ్చింది, అతనికి నిజంగా జబ్బు ఉండే అవకాశమెంత?

బేయిస్ సూత్రం బోర్డు మీద గబగబా రాశాను. ఎదురుగా కూర్చున్నావిడ డస్టర్ తీసుకుని తుడిచేసి, “సూత్రం లేకుండా చెప్పు బాబూ,” అన్నారు. నోట మాట రాలేదు. ఆ ఉద్యోగం రాలేదు.

ఇలా చెప్పాల్సింది. వెయ్యిమందిని తీసుకుందాం. వాళ్లలో పదిమందికి జబ్బు ఉంటుంది, అందులో తొమ్మిదిమందికి పాజిటివ్. మిగతా 990 మందికి జబ్బు లేదు, అయినా 99 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చినవాళ్లు మొత్తం 108 మంది, నిజంగా జబ్బున్నవాళ్లు అందులో తొమ్మిదిమందే. పన్నెండులో ఒక వంతు.

ఈ రాత్రి భోజనాల దగ్గర దీన్ని మీ ఇంట్లో వాళ్లకి చెప్పి చూడండి, సూత్రం అన్న మాట ఎత్తకుండా. వాళ్లు “మరి డాక్టరు రెండోసారి పరీక్ష ఎందుకు చేయిస్తాడో ఇప్పుడర్థమైంది” అంటే మీరు సరిగ్గా చెప్పినట్టే. అర్థం కాలేదంటే రేపు ఇంకోలా చెప్పండి.